ఇల్లు కొంటున్నారా? ఇవి సాలిసిటర్‌కు ముందే చెప్పండి

ఇంగ్లండ్‌లో ఇళ్ల కొనుగోలు, అమ్మకాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులివి. వేల్స్‌లో పద్ధతి ఇంచుమించు ఇదే, పన్ను మాత్రం వేరు. స్కాట్లాండ్‌లో పద్ధతే వేరు కాబట్టి అక్కడివారికి ఇవి పనికిరావు.

ప్రశ్న: మా ఆఫర్‌కు ఒప్పుకున్నారు. ఎస్టేట్ ఏజెంట్ తమ కన్వేయన్సర్‌నే (కొనుగోలు కాగితాల పని చూసే మనిషిని) పెట్టుకోమని వెంటపడుతున్నాడు. తప్పదా? సాలిసిటర్ వచ్చి ఇల్లు చూస్తాడా?
— ఒక పాఠకుడు, రెడ్డింగ్

జవాబు: ఏజెంట్ చెప్పినవాళ్లనే పెట్టుకోవాలని ఎక్కడా లేదు. మీ కేసు పంపినందుకు ఆ సంస్థ ఏజెంట్‌కు కమీషన్ ఇస్తుండొచ్చు. ఇస్తుంటే ఎంతో మీకు చెప్పాలి, అడగండి. సాలిసిటర్ అంటే లాయరు, ఆయన మీద ఎస్‌ఆర్‌ఏ అనే నియంత్రణ సంస్థ అజమాయిషీ, ఆస్తి బదిలీ పని చూసే లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ మీద సీఎల్‌సీ అనే సంస్థ అజమాయిషీ ఉంటుంది. మామూలు ఇంటి కొనుగోలుకు ఇద్దరిలో ఎవరైనా సరిపోతారు.

కొటేషన్ తీసుకునేటప్పుడు పైన కనిపించే ఫీజు ఒక్కటే చూసి మురిసిపోకండి. దాని మీద 20 శాతం వ్యాట్, సెర్చ్‌లు (ఇంటి గురించి కౌన్సిల్ లాంటి చోట్ల చేసే వాకబు), ఆస్తుల రికార్డు ఉంచే ప్రభుత్వ కార్యాలయం ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు ఉంటాయి. లీజ్‌హోల్డ్ (నిర్ణీత కాలానికే హక్కు ఉండే ఆస్తి) అయితే అదనం, గిఫ్ట్ డబ్బు ఉంటే అదనం, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కు అదనం అంటూ కింద చిన్నక్షరాల్లో మరికొన్ని ఉంటాయి. అన్నీ కలిపి మొత్తం ఎంతవుతుందో రాసివ్వమనండి. మీకు లోన్ ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఆమోదించిన సంస్థల జాబితాలో, ఆ సంస్థ ఉందో లేదో కూడా మొదటి రోజే అడగండి. లేకపోతే బ్యాంకు తన తరఫున ఇంకో సాలిసిటర్‌ను పెడుతుంది, ఆ ఖర్చు కూడా మీ నెత్తినే పడుతుంది.

సాలిసిటర్ ఇంటికి రాడు. గోడలో చెమ్మ, పైకప్పు చూడటం సర్వేయర్ పని. సాలిసిటర్ చూసేది కాగితాలే: ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టర్, ప్లాన్, అమ్మేవాళ్లు నింపిన టీఏ6 (ఇంటి వివరాలు), టీఏ10 (ఇంటితో పాటు ఏ వస్తువులు వదిలి వెళ్తారో) ఫారాలు, కౌన్సిల్, డ్రైనేజీ, పర్యావరణ సెర్చ్‌లు. మన దగ్గర ఈసీ, లింకు డాక్యుమెంట్లు చేసే పని ఇక్కడ చాలావరకు ఆ టైటిల్ రిజిస్టరే చేస్తుంది. అందులో ఏ భాగం ఆస్తి వివరం, బీ భాగం యజమాని ఎవరన్నది, సీ భాగం అప్పులూ షరతులూ. సీ భాగం మీరూ ఒకసారి చదవండి. ఇంటి ముందు కేరవాన్ పెట్టకూడదు, ఇంట్లో వ్యాపారం చేయకూడదు లాంటి పాత షరతులు ఉండేది అక్కడే.

టైటిల్ ప్లాన్ కాపీ అడిగి తీసుకుని, ఇంటికి రెండోసారి వెళ్లినప్పుడు చేత్తో పట్టుకుని తిరగండి. అందులో ఎర్రగీత లోపలిదే మీరు కొంటున్నది. అది అంగుళాల లెక్కన హద్దు చూపదు గానీ, పక్క సందు, కారు పెట్టుకునే చోటు, తోట వెనక ముక్క గీత బయట ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. ఆఫీసులో కూర్చున్న మనిషికి ఆ కారు ఎక్కడ పెడుతున్నారో తెలిసే దారి లేదు, మీరే చెప్పాలి. అమ్మే మనిషి కాకుండా ఇంట్లో ఇంకెవరైనా పెద్దవాళ్లు ఉంటున్నట్టు కనిపిస్తే అదీ చెప్పండి. ఖాళీ చేస్తామని వాళ్ల చేత కూడా సంతకం పెట్టించాలి.

ప్రశ్న: యూకేలో మాకు ఇదే మొదటి ఇల్లు. 4 లక్షల పౌండ్లు. హైదరాబాద్‌లో నా భార్య పేరు మీద ఒక ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం. ఇక్కడి ఇల్లు నా ఒక్కడి పేరు మీదే కొంటే ఫస్ట్ టైమ్ బయ్యర్ రాయితీ వస్తుందని స్నేహితులంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, మిల్టన్ కీన్స్

జవాబు: రాదండీ. ఈ సలహా నమ్మితే 25,000 పౌండ్ల లెక్క తప్పుతుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఫస్ట్ టైమ్ బయ్యర్‌కు 3 లక్షల దాకా స్టాంప్ డ్యూటీ లేదు, అక్కడి నుంచి 5 లక్షల దాకా 5 శాతం. మీ ఇంటికైతే 5,000. రాయితీ లేని మామూలు కొనుగోలుకు 1,25,000 దాకా సున్నా, 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 9,25,000 దాకా 5 శాతం. అలా చూస్తే 10,000. ఇంకో ఇల్లు ఉన్నవాళ్లకు మొత్తం ధర మీద 5 శాతం సర్‌ఛార్జ్ పడుతుంది, అంటే ఇంకో 20,000. మీరు కట్టాల్సింది 30,000.

కారణం ఏమిటంటే, సర్‌ఛార్జ్ విషయంలో కలిసి కాపురం చేస్తున్న భార్యాభర్తలను చట్టం ఒకే మనిషిగా చూస్తుంది. ఇల్లు ఎవరి పేరు మీద కొన్నా రెండోవారి ఆస్తీ లెక్కలోకి వస్తుంది. ఆ ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా సరే, వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించితే చాలు. హైదరాబాద్ ఫ్లాట్ చాలావరకు ఆ గీత దాటుతుంది. సర్‌ఛార్జ్ పడిన చోట ఫస్ట్ టైమ్ బయ్యర్ రాయితీ ఉండదు.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతులు కొన్ని ఉన్నాయి. ఫస్ట్ టైమ్ అంటే యూకేలో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఎన్నడూ ఇల్లు లేకపోవడం. ఊళ్లో తాతగారి ఇంట్లో వారసత్వంగా వచ్చిన చిన్న వాటా ఉన్నా, ఎప్పుడో అమ్మేసిన ఫ్లాట్ ఉన్నా ఆ రాయితీ పోతుంది. అమ్మేసిన ఫ్లాట్‌కు సర్‌ఛార్జ్ మాత్రం ఉండదు. వారసత్వంగా వచ్చి మూడేళ్లు కాని, సగానికి మించని వాటాను కూడా సర్‌ఛార్జ్‌లో లెక్కించరు. కట్టడమేదీ లేని ఖాళీ ప్లాటు, పొలం ఇల్లు కిందికి రావు కాబట్టి వాటికి దిగులు పడక్కర్లేదు.

తర్వాత ఫ్లాట్ అమ్మేస్తే సర్‌ఛార్జ్ వెనక్కి వస్తుందా అని కూడా అడుగుతుంటారు. ఇక్కడ కొనే ముందు మూడేళ్లలో ఎప్పుడైనా అదే మీ కాపురపు ఇల్లయి, కొన్న మూడేళ్లలోపు దాన్ని అమ్మితే అడగొచ్చు. అద్దెకిచ్చిన ఫ్లాట్‌కు కుదరదు.

సాలిసిటర్ పంపే ప్రశ్నావళిలో ‘మీకు వేరే ఆస్తి ఏదైనా ఉందా?’ అని ఉంటుంది. యూకే వరకే అనుకుని చాలామంది లేదని రాసేస్తారు. కంప్లీషన్ (డబ్బు మొత్తం కట్టి ఇల్లు చేతికి రావడం) అయిన 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేసేది సాలిసిటరే అయినా, అందులో రాసినదానికి బాధ్యత మీదే. తర్వాత పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ పట్టుకుంటే పన్ను, వడ్డీ, పెనాల్టీ మీరే కట్టాలి.

ప్రశ్న: నాన్నగారు ఊళ్లో స్థలం అమ్మి డిపాజిట్‌కు డబ్బు పంపుతానంటున్నారు. ఏం కాగితాలు కావాలి?
— ఒక పాఠకురాలు, స్లౌ

జవాబు: డబ్బు మీకు ఎలా వచ్చిందన్నది సగమే, అది నాన్నగారికి ఎలా వచ్చిందో కూడా చూపాలి. స్థలం అమ్మిన రిజిస్టర్డ్ దస్తావేజు, ఆ సొమ్ము పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఆయన పాస్‌పోర్ట్, చిరునామా రుజువు సిద్ధం చేయించండి. దస్తావేజు తెలుగులో ఉంటే ఇంగ్లిష్‌లోకి సర్టిఫైడ్ అనువాదం అడుగుతారు. ఇది కానుకేనని, తిరిగి ఇవ్వనక్కర్లేదని, ఇంట్లో తనకు వాటా ఉండదని ఆయన సంతకంతో గిఫ్ట్ లెటర్ కావాలి. లోన్ ఇచ్చే బ్యాంకుకూ ఈ సంగతి చెప్పాలి.

భారత్‌లో నివసించే ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో, విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. బ్యాంకు ద్వారా నేరుగా మీ ఖాతాకే పంపమనండి. బాబాయి ఖాతా నుంచి కొంత, స్నేహితుడి ఖాతా నుంచి కొంత, బ్యాంకుతో పని లేని హుండీ (హవాలా) దారిలో కొంత అంటే పని అక్కడే ఆగుతుంది. అనుమానం వస్తే సాలిసిటర్ అధికారులకు రిపోర్ట్ చేయక తప్పదు, చేసిన సంగతి మీకు చెప్పడం కూడా నేరమే. ‘ఏమీ చెప్పకుండా నాన్చుతున్నాడు’ అనిపించే సందర్భాల్లో కొన్ని ఇవే. ఆఫర్ ఒప్పుకున్న వారంలోనే ఈ కాగితాలు ఇచ్చేయండి.

ప్రశ్న: ఇల్లు అమ్ముతున్నాం. ఎనిమిదేళ్ల క్రితం లాఫ్ట్‌లో (పైకప్పు కింద ఖాళీలో) గది కట్టించాం, కట్టడం నిబంధనల ప్రకారమే ఉందని చెప్పే బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ తీసుకోలేదు. కౌన్సిల్‌కు ఫోన్ చేయమంటారా?
— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: ఆగండి. ముందు మీ సాలిసిటర్‌తో మాట్లాడండి. మీకున్న దారులు రెండు, ఒకదాన్ని తొక్కితే రెండోది మూసుకుపోవచ్చు. ఒకటి ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్: కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే నష్టం కంపెనీ భరిస్తుంది. కౌన్సిల్‌తో ఒకసారి మాట్లాడారంటే సాధారణంగా ఆ పాలసీ ఇవ్వరు. రెండోది కౌన్సిల్ నుంచి రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్, అంటే కట్టేశాక తీసుకునే ఆమోదం: ఇన్‌స్పెక్టర్ వచ్చి ప్లాస్టర్‌బోర్డు విప్పించి జాయిస్ట్‌లు (నేలను మోసే దూలాలు), ఇన్సులేషన్, మెట్ల దగ్గర అగ్నిరక్షణ చూస్తారు. ఖర్చు, ఆలస్యం ఎక్కువే.

ఇన్సూరెన్స్ చవక. కానీ గది నేల కుంగితే అది పైసా ఇవ్వదు. కొనేవాళ్లు దాన్ని బెడ్‌రూమ్‌గా లెక్కేసి ధర ఇస్తున్నట్లయితే రెండోదానికే పట్టుపట్టొచ్చు, అలా పట్టుపడితే తప్పు పట్టలేం. టీఏ6లో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. లేనిది ఉందని రాస్తే అమ్మేశాక కూడా దావా వేస్తారు. ప్లానింగ్ అనుమతి వేరే సంగతి: చాలా లాఫ్ట్‌లకు, టెర్రస్ ఇంటికి (పక్క ఇళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండేది) 40 ఘనపు మీటర్లు, మిగతా వాటికి 50 దాకా, మిగతా షరతులూ సరిపోతే విడిగా అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: ఎక్స్ఛేంజ్ అయ్యాక మనసు మారితే? డబ్బు పంపేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, హౌన్‌స్లో

జవాబు: ఎక్స్ఛేంజ్ అంటే రెండు పక్షాలూ సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకోవడం. అప్పటిదాకా ఎవరైనా ఏ పరిహారమూ లేకుండా తప్పుకోవచ్చు. మీరు అప్పటికే పెట్టిన సెర్చ్, సర్వే ఖర్చులు మాత్రం పోతాయి. ఎక్స్ఛేంజ్ తర్వాత అలా కాదు. కంప్లీషన్ రోజు మధ్యాహ్నం 2 లోపు డబ్బు చేరకపోతే, మామూలు కాంట్రాక్టు షరతుల ప్రకారం మరుసటి పనిరోజున చేరినట్టు లెక్కేసి వడ్డీ వేస్తారు. అప్పటికీ రాకపోతే పది పనిరోజుల నోటీసు ఇస్తారు, ఆ గడువూ దాటితే సాధారణంగా ధరలో 10 శాతం ఉండే డిపాజిట్ పోతుంది. అమ్మేవాళ్ల నష్టం అంతకు మించితే దానికీ దావా వేయొచ్చు. ఇంటి ఇన్సూరెన్స్ కూడా తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, ఎక్స్ఛేంజ్ రోజు నుంచే తీసుకోండి. అదే షరతుల ప్రకారం ఆ రోజు నుంచి ఇల్లు కాలిపోయినా నష్టం మీదే.

డబ్బు పంపే వారంలో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అంటూ సాలిసిటర్ పేరుతో ఈమెయిల్ వస్తే మోసమే అనుకోండి. మోసగాళ్లు శుక్రవారం మధ్యాహ్నం హడావిడి చూసుకుని పంపుతారు, ఎందుకంటే సోమవారం దాకా ఎవరూ కనిపెట్టరు. ఖాతా నంబరు మొదటి రోజే కాగితం మీద తీసుకోండి. పంపే ముందు మీ దగ్గర మొదటి నుంచీ ఉన్న ఫోన్ నంబరుకు చేసి సరిచూసుకోండి, ఈమెయిల్‌లో ఉన్న నంబరుకు చేయకండి. ముందు ఒక పౌండు పంపి, అందిందని ఫోన్‌లో చెప్పాకే మిగతాది పంపండి. పొరపాటున పంపేస్తే వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేయండి, తర్వాతే సాలిసిటర్‌కు.