రెండు వాటాలూ నా జీతంలోంచేనా?

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద హౌస్‌కీపింగ్ చేస్తున్నాను. ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, నేను తుడిచే ఫ్లోర్ మాత్రం అదే. అక్కడి స్టాఫ్‌కి ఇన్సూరెన్స్, ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ అన్నీ ఉన్నాయి. నా బేసిక్ 10,000. పీఎఫ్ కింద 2,400 కోస్తున్నారు, అడిగితే 'రెండు వాటాలూ కలిపి' అంటున్నారు. ఇది కరెక్టేనా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కరెక్ట్ కాదమ్మా. బేసిక్‌లో 12 శాతం, అంటే 1,200 మీ వాటా. ఇంకో 1,200 యజమాని వేయాల్సిందే, దాన్ని మీ జీతంలోంచి లాగడానికి చట్టం ఒప్పుకోదు. ముందు ప్రభుత్వ యాప్ ఉమాంగ్‌లో మీ పీఎఫ్ పాస్‌బుక్ చూడండి. యజమాని వాటాలో 833 పెన్షన్‌కి పోతుంది, మిగతా 367 మీ 1,200తో కలిసి నెలకి 1,567 పీఎఫ్‌లో కనబడాలి. అది కూడా లేదంటే కాంట్రాక్టర్ మొత్తం మింగేస్తున్నాడన్నమాట, అప్పుడు పేస్లిప్పులు పట్టుకుని పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు చేయండి. కాంట్రాక్టర్ ఎగ్గొట్టినా కట్టించాల్సిన బాధ్యత మీరు పనిచేసే ఆ ఆఫీసుదే, ఈ ముక్క అక్కడి హెచ్ఆర్‌కి బాగా తెలుసు.

ప్రసూతి సెలవు మీకూ ఉంది. జీతం 21,000 లోపే కాబట్టి మీరు ఈఎస్ఐలోకి (కార్మికుల ప్రభుత్వ బీమా) వస్తారు, 26 వారాల జీతం అక్కడినుంచే వస్తుంది. మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకీ వైద్యం ఉంటుంది. కాకపోతే అక్కడి స్టాఫ్ ఇన్సూరెన్స్ కార్డు చూపించి నేరుగా కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్తారు, మీరేమో డిస్పెన్సరీ లైన్లో నిలబడి రిఫరల్ రాయించుకోవాలి. ఆ తేడా లేదని నేను బుకాయించను.

అసలు దెబ్బ గ్రాట్యుటీ దగ్గర, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేసిన సర్వీసుకి ఇచ్చే డబ్బు దగ్గర. ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు నిండాలి, మీకేమో ఫ్లోర్ ఒకటే అయినా కాగితం మీద మూడు ఉద్యోగాలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టంలో (సామాజిక భద్రతా కోడ్) గడువు రాసి తీసుకున్న ఉద్యోగాలకి ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలని ఉంది, అందుకని మీ అపాయింట్‌మెంట్ లెటర్ (ఇచ్చి ఉంటే!) తీసి గడువు తేదీ ఉందేమో చూడండి.

ఇంకో మాట, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పీఎఫ్, పెన్షన్ డబ్బు మొత్తం తీసేసుకుంటున్నారా? చాలామంది చేసే పనే ఇది. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, తీసేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచే. కొత్త కాంట్రాక్టర్‌కి మీ పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వండి.