లారీ బాడీల ఇంటి నుంచి ఐదుసార్లు చాంపియన్

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. మధ్యలో గోల్ఫ్ పిచ్చి పట్టింది. ‘గోల్ఫో, షెడ్డో తేల్చుకో’ అంటున్నారు నాన్నగారు. రెండూ నడిపినవాళ్లు ఉన్నారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉన్నారండీ, అదీ మీ లైన్‌లోనే! ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో 1934లో పుట్టిన గోల్ఫర్ మైకేల్ బోనలాక్. వాళ్ల ఇంటి వ్యాపారం కూడా వాహనాలకు బాడీలు కట్టడమే. ఈ మాట నాన్నగారి చెవిన వేయండి, కాస్త మెత్తబడతారేమో.

ఆయన డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్‌గా మారలేదు, అమెచ్యూర్‌గానే ఆడారు. బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్‌షిప్ 1961లో, 1965లో గెలిచి, 1968 నుంచి వరసగా మూడేళ్లు మళ్లీ గెలిచారు. అలా వరసగా మూడు అంతకుముందు ఎవరూ కొట్టలేదు. 1971 వాకర్ కప్‌లో (బ్రిటన్-ఐర్లండ్, అమెరికా అమెచ్యూర్ జట్ల పోటీ) ఆయన కెప్టెన్సీలో బ్రిటన్-ఐర్లండ్ జట్టు అమెరికాను 13-11తో ఓడించింది. 1938 తర్వాత వాళ్లకు అదే మొదటి గెలుపు.

నాకు మాత్రం 1968లో ఇంగ్లండ్‌లోని గాంటన్ కోర్సులో జరిగిన ఇంగ్లిష్ అమెచ్యూర్ ఫైనలే ఇష్టం. పొద్దున 18 హోల్స్‌ను 61 షాట్లలోనే ముగించారు (గోల్ఫ్‌లో షాట్లు ఎంత తక్కువైతే అంత మేలు). ఎక్కువ హోల్స్ గెలిచినవాళ్లదే ఆట కాబట్టి, 36 హోల్స్ ఫైనల్ ఇంకా 11 మిగిలుండగానే ఆయన గెలుపుతో ముగిసిపోయింది. పాపం, అవతలి డేవిడ్ కెలీ ఏం చేస్తారు!

ఆయన స్వింగ్ చూడముచ్చటగా ఉండేది కాదు. బలమంతా పటింగ్‌లోనే, అంటే హోల్ దగ్గర బంతిని మెల్లగా దొర్లించి అందులో వేయడంలోనే. ముక్కు బంతికి తగులుతుందా అన్నంతగా వంగిపోయేవారు. మీలాంటి వాళ్లు పట్టుకోవాల్సింది ఇదే. లాంగ్ షాట్లకు కోర్సుకే వెళ్లాలి గానీ, పటింగ్ షెడ్డు మూశాక ఇంట్లో చాప మీద కూడా సాధన చేయొచ్చు.

ఒక్క సంగతి దాచకూడదు. ఆ రోజుల్లో అమెచ్యూర్ గెలిస్తే కప్పు వస్తుంది, ప్రైజ్ మనీ రాదు. వెనక ఇంటి వ్యాపారం లేకపోతే అన్నేళ్లు ఆడటం కష్టమే. కాబట్టి షెడ్డు ఆటకు అడ్డనుకోకండి, ఖర్చు పెట్టేది అదే. ఆయన భార్య ఏంజెలా కూడా 1958లో, 1963లో ఇంగ్లిష్ మహిళల చాంపియన్. ఇంట్లో పేచీ లేకపోవడానికి అదీ ఒక కారణమేమో! ఆ అదృష్టం అందరికీ ఉండదు.

మీ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) ఎంతో రాయలేదు. 20 దాటితే ప్రస్తుతానికి నాన్నగారి మాటే వినండి.