ఒంటిమీద అంతా ఒకే రంగైతే యూనిఫాంలా ఉంటుందా?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. ఈసారి సద్దుల బతుకమ్మకి చీర, జాకెట్, గాజులు అన్నీ తంగేడు పువ్వు రంగులోనే వేసుకోవాలని నా కోరిక. పట్టుచీర కొన్నాను, చౌరస్తాలో జాకెట్ గుడ్డ కూడా తీసుకున్నాను. దుకాణంలో రెండూ అచ్చం ఒకటే రంగు. ఇంటికొచ్చి వాకిట్లో చూస్తే చీర పసుపుకొమ్ములా, గుడ్డ నిమ్మపండులా ఉన్నాయి. మా వదినేమో అంతా పసుపే అయితే స్కూల్ యూనిఫాంలా ఉంటది అంటోంది. ఒకటే టెన్షన్, ఏం చేయను?

జవాబు: ముందు ఆ గుడ్డ టైలర్‌కి ఇవ్వకు చెల్లీ. వేరువేరు అద్దకాల గుడ్డలు ట్యూబ్‌లైట్ కింద ఒకటిగా కనిపించి, ఎండలోకి రాగానే విడిపోతాయి. అమ్మలు చీర పట్టుకుని దుకాణం గడప దాటి వెలుతురులో చూసేది ఇందుకే. నువ్వైతే రెండుసార్లు చూడాలి, ఎండలో ఒకసారి, రాత్రి లైట్ల కింద ఒకసారి, ఎందుకంటే సద్దుల నాడు ఆట సాయంత్రం మొదలై చీకటిపడ్డాక కూడా సాగుతుంది కదా.

ఇంక అచ్చం అదే పసుపు కోసం తిరగడం ఆపెయ్. పట్టు మెరుస్తుంది, నూలు మెరవదు, రెంటినీ ఒకే రంగులో ముంచి తీసినా చూపు వేరే. అణువంత తేడా ఉంటేనే అసలు చిక్కు, చూసినవాళ్లకి పాపం మ్యాచింగ్ కుదరలేదు అనిపిస్తుంది. తేడా బాగా కనిపించేలా పెట్టుకో. నీ చీర మీదికి నేనైతే ముదురు ఆవాల రంగు జాకెట్ కుట్టిస్తాను, అది కూడా పోచంపల్లి ఇక్కత్ నూలులో. నేయకముందే దారానికి ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు వస్తాయి, నున్నటి పట్టు పక్కన ఆ గరుకుదనం ఎంత బాగుంటుందో! తంగేడు కొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చూడు, మొగ్గ ఆకుపచ్చ కలిసిన పసుపు, రేకు నిండు పసుపు, మధ్యలో కేసరాల దగ్గర గోధుమ ఛాయ. దాన్ని ఎవరైనా యూనిఫాం అంటారా? మీ వదినకి ఆ కొమ్మే చూపించు.

టైలర్‌కి ఒక మాట గట్టిగా చెప్పాలి, లైనింగ్ తెల్లది వద్దని. గుడ్డ పలచనైతే తెలుపు కిందనుంచి తొంగిచూసి పైరంగు వెలిసినట్టవుతుంది.

పసుపు గాజులు మాత్రం నాకు నచ్చలేదు. పసుపు మీద బంగారం కూడా కలిసిపోతుంది. కరీంనగర్ వెండి తీగపని జుంకాలు దొరికితే పెట్టుకో, చేతికి వెండి గాజులు చాలు. నిమ్మరంగు గుడ్డ దాచుకో, తెల్ల నూలుచీర మీదికి పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్, పెళ్లికి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేస్తే ఒకటి మాసినట్టు కనిపిస్తోంది. రెండూ కొత్తవే. - జనగామ నుంచి ఒక తమ్ముడు

జవాబు: ఒకటి నీలం కలిసిన తెలుపు, ఇంకొకటి మీగడ తెలుపు అయ్యుంటాయి తమ్ముడూ. పక్కపక్కన పడితే మీగడది మాసినట్టే ఉంటుంది. ఉతికేటప్పుడు నీలిమందు ఒకదానికే పెట్టినా ఇదే గతి. ప్యాంటు గంధం రంగులోకి మార్చెయ్, లేదా రెండూ ఒకే తాను నుంచి కోయించి కుట్టించుకో.