నరం, నాడీకణం ఒకటేనా?

"నరం తెగినా కుడితే మళ్ళీ పనిచేస్తుందంటారు. నాడీకణాలు చనిపోతే మళ్ళీ పుట్టవని పదో తరగతి పాఠంలో ఉంది. ఏది నిజం?" అని అడిగారు. రెండూ నిజమే. నరమూ నాడీకణమూ ఒకటి కాదు, తిరకాసంతా అక్కడే. నేను డాక్టర్ని కాను. విశాఖలో కంచరపాలెం వైపు టైలరింగ్ షాపు నడుపుతాను. ఎడమ చేతి నరం తెగి, కుట్టించుకుని, అది పెరుగుతుంటే నెలనెలా టేపు పెట్టి కొలుచుకున్నవాణ్ణి.

ముందు మాట సంగతి. ‘నరం’ అనే మాటని మనం దేనికైనా వాడేస్తాం. సెలైన్ ఎక్కించేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటారు, అది రక్తనాళం. మణికట్టు దగ్గర ‘నాడి’ చూస్తారు, అదీ రక్తనాళమే. మెడ తిరక్కపోతే "నరం పట్టేసింది" అంటాం, చాలాసార్లు అది కండరం. నేనిక్కడ చెప్పే నరం మెదడు, వెన్నుపాముల నుంచి ఒంట్లోకి పోయే తీగ.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. గాలికి కొట్టుకుంటున్న కిటికీ మూయబోతే అద్దం పగిలి, ఎడమ మణికట్టు చిటికెన వేలి వైపు తెగింది. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. తెరిచి ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో రక్తం ఆపి, చర్మం కుట్టి పంపేశారు. వేలు మొద్దుబారిందంటే "దెబ్బ తగిలింది కదా, తగ్గిపోతుంది" అన్నారు. ఆ చీకట్లో, ఆ రద్దీలో వాళ్ళని ఎంతవరకు తప్పు పట్టాలో నాకిప్పటికీ తేలలేదు.

రెండు వారాలకి షాపు తెరిచాను. ప్యాంటు ఇస్త్రీ చేస్తుంటే కాలిన వాసన వచ్చింది. గుడ్డ మాడిందనుకుని కంగారుగా చూస్తే, నా చిటికెన వేలు ఇస్త్రీపెట్టె అంచుకి ఆనుకుని ఉంది. నొప్పి లేదు. అంతకంటే భయం వేసిందేమిటంటే, చెయ్యి దానంతట అది వెనక్కి రాలేదు. మామూలుగా వేడి తగిలితే కబురు వెన్నుపాముకి చేరగానే, మెదడు దాకా పోకుండా, అక్కడి నుంచే ‘లాగెయ్’ అని కండరాలకి ఆజ్ఞ వచ్చేస్తుంది. కాలిందని మనకి తెలిసేది ఆ తర్వాతే. మీ పాఠంలో ప్రతీకార చర్య అని ఉంటుంది, అదే ఇది. కబురు మణికట్టు దాటనే లేదు కాబట్టి నా వెన్నుపాముకి కాలిన సంగతే తెలీదు.

ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు నా ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగారు. జారిపోయింది. అల్నార్ నరం తెగిందన్నారు. మోచెయ్యి లోపలి వైపు ఎక్కడైనా కొట్టుకుంటే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది చూశారా, ఆ నరమే. ఆపరేషన్ అయ్యాక ఆయన అన్నమాట నా వృత్తికి సరిపోయింది: "నేను కుట్టింది పైన గొట్టాన్నే. లోపలి దారాలు నీ ఒళ్ళే పెంచుకోవాలి."

ఆ దారాలే ఆక్సాన్లు. ఒక్కో నరంలో వేల కొద్దీ ఉంటాయి. ఒక్కో ఆక్సాన్ ఒక్కో నాడీకణం తోక. వేలిని కదిలించే కణాల దేహాలు చేతిలో ఉండవు, మెడ కింది భాగంలో వెన్నుపాము లోపల ఉంటాయి. స్పర్శ కబుర్లు తెచ్చే వాటి దేహాలు వెన్నుపాము పక్కనే చిన్న ముడుల్లో ఉంటాయి. కణదేహం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, తోక మాత్రం మెడ నుంచి వేలి కొస దాకా. దేహాన్ని నిమ్మకాయంత అనుకుంటే తోక సుమారు అర కిలోమీటరు! నాకు తెగింది తోకలే, తలలు మెడ దగ్గర క్షేమంగా ఉన్నాయి. అందుకే బాగుపడే అవకాశం మిగిలింది.

తెగిన చోటు నుంచి వేలి వైపున్న ముక్క చచ్చిపోతుంది. దాని చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు వేసిన ష్వాన్ కణాలు మాత్రం బతికి ఉండి, చెత్త ఊడ్చి, వరసగా నిలబడి సొరంగంలా దారి వేస్తాయి. పై నుంచి కొత్త కొస ఆ దారిలో రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పాకుతుంది. మా లెక్కలో నెలకి అంగుళం పైచిలుకు. మణికట్టు నుంచి వేలి కొసకి నాకు ఆరున్నర అంగుళాలు. ఫిజియోథెరపీ అమ్మాయి వేలితో తట్టుకుంటూ వెళ్ళేది, కొస ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ జిలజిలమనేది. నేను ఇంటికొచ్చి అక్కడ పెన్నుతో గీత పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ "కొలతలు తీసుకోడానికి కస్టమర్లు చాల్లేదా" అనేది.

ఒక విషయం మాత్రం పాఠంలో దొరకదు. గిన్నెలు తోమితే నా నాలుగు వేళ్ళూ ముడతలు పడేవి, చిటికెన వేలు మాత్రం నున్నగా ఉండేది. నీళ్ళలో వేళ్ళు ముడతపడడం చర్మం నానడం వల్ల కాదట. దానంతటదే పనిచేసే స్వయంచోదిత నాడీ వ్యవస్థ అక్కడి రక్తనాళాలని బిగిస్తేనే ముడత వస్తుంది. ఆ వేలికి చెమటా పట్టేది కాదు. అంటే ఆ ఒక్క నరంలోనే కండరాల్ని కదిలించే ‘చాలక’ దారాలు, స్పర్శ కబుర్లు తెచ్చే ‘జ్ఞాన’ దారాలు, మన ప్రమేయం లేకుండా పనిచేసేవీ కలిసి ఉన్నాయన్నమాట. 12 జతల కపాల నాడులు, 31 జతల వెన్ను నాడులు అని బట్టీ పడతారు గానీ, వెన్ను నాడులు మిశ్రమ నాడులంటే ఏమిటో నాకు ఆ గిన్నెల దగ్గర అర్థమైంది.

ఇక ‘మళ్ళీ పుట్టవు’ అన్న మాట. కణదేహమే చనిపోతే దాని స్థానంలో కొత్తది దాదాపుగా రాదు. మెదడు, వెన్నుపాముల్లో అయితే తోక తెగినా చిక్కే. అక్కడ తొడుగు వేసేవి ష్వాన్ కణాలు కావు, ఆలిగోడెండ్రోసైట్లు. అవి దారి వెయ్యవు సరికదా, వాటి మయలిన్‌లో పెరుగుదలని ఆపే ప్రొటీన్లున్నాయి. ఆస్ట్రోసైట్లనే మరో రకం సహాయక కణాలు గాయం చుట్టూ మచ్చ కడతాయి. ఫిజియోథెరపీ గదిలో నా పక్క బల్ల మీద కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న కుర్రాడు ఉండేవాడు. "నీకు అంగుళం వచ్చిందంట కదన్నా" అని ప్రతిసారీ అడిగేవాడు. నెల దాటాక నేను కొలతలు అక్కడ చెప్పడం మానేశాను.

నాకు గుండుసూది గుచ్చితే తెలియడం ముందు వచ్చింది. గుడ్డ నేత చేతికి తెలియడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. పూర్తిగా రాలేదు కూడా. ఇప్పటికీ ఉంగరపు వేలి పక్క గీరితే చిటికెన వేలి మీద గీరినట్టుంటుంది. తోకల్లో కొన్ని పక్క సొరంగంలో దూరాయి మరి.