‘ఒరిజినల్ 1961’ బ్రోషర్ అని అమ్మారు, తీరా చూస్తే రీప్రింట్: నా డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పాత స్పోర్ట్స్ కార్ల బ్రోషర్లు పన్నెండేళ్లుగా సేకరిస్తున్నాను. ముంబయిలో ఇవే అమ్ముకునే ఒక వ్యాపారి, ఒక ఆన్‌లైన్ సైట్‌లో పెట్టిన రెండు జాగ్వార్ ఈ-టైప్ బ్రోషర్లను 42,000 రూపాయలకు కొన్నాను. రెండింటి కిందా ‘ఒరిజినల్, 1961 లాంచ్ బ్రోషర్, చాలా అరుదు, రెండేళ్లలో ధర రెట్టింపు’ అని రాశారు. వచ్చాక చూస్తే ఒకటి ఈమధ్య స్కాన్ చేసి అచ్చువేసినట్టుంది. రెండోది పాతదే, కానీ లోపల 4.2 లీటర్ల ఇంజిన్ అని ఉంది. ఫోన్ చేస్తే, ‘నాకు అమ్మినవాళ్లు చెప్పిందే నేను రాశాను. బిల్లు మీద ఉన్నది ఉన్నట్టుగా, వాపసు లేదు అని ఉంది చూసుకోండి’ అంటున్నారు. పార్సిల్ అంది 18 రోజులైంది. టెన్షన్‌గా ఉంది. పోలీసు కేసు పెట్టవచ్చా?

జవాబు: పోలీసుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈరోజే ఒక పని చేయండి. ఈ బ్రోషర్లు చెప్పిన ప్రకారం లేవు, తిరస్కరిస్తున్నాను, డబ్బు వెనక్కి ఇవ్వండి అని అమ్మకందారుకు రాతపూర్వకంగా పంపండి. ఫోన్‌లో చెప్పాను కదా అనుకోవద్దు. ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులోనూ పంపండి. వస్తువుల విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 42 ఏమంటుందంటే, వద్దు అని తెలియజేయకుండా సమంజసమైన గడువు దాటేదాకా వస్తువును దగ్గర ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టే. ఆ తర్వాత నష్టపరిహారం అడగొచ్చు గానీ, వస్తువు తిప్పి పంపి మొత్తం డబ్బు అడగడం కష్టం. 18 రోజులకు ఏమీ మించిపోలేదు. ఇంకో రెండు నెలలు ఫోన్ల మీదే గడిపితే మాత్రం ఇదే మాట ఇంత ధైర్యంగా చెప్పలేను.

ఆలస్యం ఎంత పని చేస్తుందో లీఫ్ వర్సెస్ ఇంటర్నేషనల్ గ్యాలరీస్ అనే ఇంగ్లండ్ కేసులో తెలుస్తుంది. 1944లో ఒకాయన, జాన్ కాన్‌స్టేబుల్ అనే పేరున్న ఇంగ్లిష్ చిత్రకారుడు గీసిన చిత్రమని చెబితే నమ్మి 85 పౌండ్లు పెట్టి కొన్నాడు. ఐదేళ్ల తర్వాత అమ్మబోతే అది ఆ చిత్రకారుడిది కాదని తేలింది. అమ్మినవాళ్లు కావాలని మోసం చేయలేదు, వాళ్లూ నమ్మే చెప్పారు. చిత్రం తిరిగిచ్చి డబ్బు తీసుకునే సమయం దాటిపోయిందని 1950లో అప్పీలు కోర్టు తేల్చేసింది. మన 1930 చట్టం ఇంగ్లండ్ వారి 1893 చట్టం నమూనాలో వచ్చినదే. అందుకే అక్కడి తీర్పులు మన కోర్టులు తప్పక పాటించాల్సినవి కాకపోయినా, ఇక్కడ వాటిని గౌరవంగానే చూస్తారు.

ఇక అమ్మకందారు రాసిన మాటల దగ్గరికి వద్దాం. మీ కేసు బలం, బలహీనత అంతా అందులోనే ఉంది. ఆయన నాలుగు మాటలు రాశారు, నాలుగింటి విలువా ఒకటి కాదు. ‘ఒరిజినల్’, ‘1961’ అనేవి నిజమో కాదో తేల్చగలిగే మాటలు. వర్ణన చెప్పి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది అదే విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం విక్రయంలో ఇమిడి ఉన్న షరతు. ‘ధర రెట్టింపు అవుతుంది’ అన్నది అభిప్రాయం. ధర పెరగలేదని దాని మీద కేసు వేస్తే నిలవదు. వస్తువు విలువ గురించి పొరబడటం ఒప్పందాన్ని రద్దు చేసే పొరపాటు కాదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 20 వివరణలోనే ఉంది. ‘చాలా అరుదు’ అన్నది సరుకును పొగుడుకోవడం. కాబట్టి నోటీసులో మొదటి రెండు మాటలనే పట్టుకోండి. చాలామంది కోపంలో నాలుగూ కలిపి రాస్తారు. అవతలి లాయరు బలహీనమైన మాటను పట్టుకుని బలమైనదాన్ని కూడా పలచన చేస్తాడు.

‘నాకు తెలిసింది రాశాను’ అనే సమాధానం సెక్షన్ 15 ముందు నిలవదు. అక్కడ అమ్మినవారి మనసులో ఏముందన్నది ప్రశ్నే కాదు, వస్తువు వర్ణనకు సరిపోయిందా లేదా అన్నదే ప్రశ్న. అయితే ఆ మాట అన్నదెవరన్నది కోర్టులు చూస్తాయి. ఆస్కార్ చెస్ అనే ఇంగ్లండ్ కేసులో ఒక మామూలు యజమాని, తన మోరిస్ కారును డీలరుకు అమ్ముతూ, రిజిస్ట్రేషన్ పుస్తకం చూసి అది 1948 మోడల్ అని చెప్పాడు. నిజానికి అది 1939ది, పుస్తకాన్ని ఎవరో ముందే దిద్దారు. ఆయన మాట ఒప్పందంలో భాగం కాదని కోర్టు అంది. 1965లో అక్కడిదే డిక్ బెంట్లీ కేసులో పరిస్థితి తారుమారు. బెంట్లీ కారుకు ఇంజిన్ మార్చాక 20,000 మైళ్లే తిరిగిందని చెప్పింది డీలరు. అసలు తిరిగింది దాదాపు లక్ష. నిజం కనుక్కోగలిగిన స్థితిలో ఉండి చెప్పాడు కాబట్టి డీలరే బాధ్యుడన్నారు. మీకు అమ్మినది తాతగారి పెట్టెలో దొరికిన కాగితం అమ్ముకున్న మనిషి కాదు, ఇదే వ్యాపారంగా ఉన్న మనిషి. ఆయన పేజీలో ఇంకా ఎన్ని బ్రోషర్లు అమ్మకానికి ఉన్నాయో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి.

మీ మీదికి వచ్చే వాదన కూడా చెప్పాలి. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవారు, మీకు తెలియదా అంటారు. ఇంగ్లండ్‌లో హార్లింగ్డన్ కేసులో, ఒక చిత్రకారిణి గీసిందని అమ్మిన చిత్రం నకిలీ అని తేలినా, అచ్చంగా ఈ కారణంతోనే కొన్నవాళ్లు ఓడిపోయారు. అమ్మినాయన తనకు ఆ చిత్రకారిణి గురించి తెలియదని ముందే చెప్పేశాడు, కొన్నవాళ్లేమో ఆ రంగంలో నిపుణులు. మీ అమ్మకందారు అలా ముందు చెప్పలేదు కదా. పైగా మీరు ఫొటోలు చూసి కొన్నారు. ప్రకటనలో వెనక అట్ట, లోపలి పేజీలు చూపించకపోతే ఆ సంగతి తప్పకుండా రాయండి. ఆ ఫొటోలు అడిగి ఉంటే, ఆ సంభాషణ మీకు బంగారం.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాటకు భయపడకండి. మడత, మరక, చిరుగు గురించి మీరు గొడవ పెట్టకుండా అది ఆయనకు పనికొస్తుంది. 1961 అని చెప్పి వేరే ఏడాదిది ఇవ్వడానికి మాత్రం అది అనుమతి కాదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో 6వది ఇంకా సూటిగా ఉంది: ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువుకు లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.

రుజువు విషయంలో రెండో బ్రోషర్ తేలిక, ఎందుకంటే తన గుట్టు తానే చెబుతోంది. ఈ-టైప్‌ను 1961 మార్చిలో జెనీవాలో 3.8 లీటర్ల ఇంజిన్‌తో విడుదల చేశారు. 4.2 వచ్చింది 1964 అక్టోబరులో. 4.2 గురించి రాసిన బ్రోషర్ 1961ది అయ్యే వీలే లేదు, దీనికి నిపుణుడు కూడా అక్కర్లేదు. మొదటిదానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకోండి. ఆ కాలపు అచ్చులో బొమ్మలు చుక్కలుగా ఉన్నా, నల్లటి అక్షరాలు అంచులు తెగినట్టు నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి వేసినదాంట్లో అక్షరాలు కూడా రంగు చుక్కలుగా విడిపోతాయి, బొమ్మల్లో అలల్లాంటి గీతలు కనిపించవచ్చు. మధ్యలో కుట్టిన పిన్నులు చూడండి, కొత్తగా మెరుస్తూ పక్కన పాత రంధ్రాలు లేకపోతే అనుమానించాలి. అతినీలలోహిత టార్చి పరీక్షను మాత్రం నెత్తిన పెట్టుకోకండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో ఉన్నాయి కాబట్టి 1961 కాగితం మెరిసినంత మాత్రాన నకిలీ అని చెప్పలేం. కొత్త సిరా వాసన కూడా సాక్ష్యం కాదు.

ఇకముందు కొనేటప్పుడు వెనక అట్ట అడుగున ఉండే అచ్చు నంబరు, ముద్రణాలయం పేరు ఫొటో అడగకుండా డబ్బు పంపకండి. చిరునామాలు, ధరలు కూడా చదవండి. అమెరికా బ్రోషర్‌లో ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) ఉంటే అది 1963 జులైకి ముందుది కాదు. బ్రిటన్ ధర కొత్త పెన్నీల్లో ఉంటే 1971 ఫిబ్రవరిలో అక్కడి నాణేలు మారిన కాలం నాటిది.

ఫిర్యాదు ఎక్కడ? ముంబయి వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఈ కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దానికి ముందు సైట్‌వారి గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి, చాలా గొడవలు అక్కడే తెగుతాయి. కాగితాన్ని పరీక్షకు పంపమని కమిషన్‌ను అడిగే వీలు సెక్షన్ 38లో ఉంది. ఒక్క మాట నిజాయితీగా ఆలోచించుకోండి: లాభానికి తిరిగి అమ్మడానికే కొని ఉంటే మీరు ‘వినియోగదారు’ కారు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. సొంత సేకరణ కోసం కొంటే, ఎప్పుడో ఒక డూప్లికేట్ అమ్ముకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

పోలీసు కేసు గురించి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం నేరమే, కానీ అమ్మేనాటికే దురుద్దేశం ఉందని చూపాలి. ఆయన నిజంగా నమ్మి రాసి ఉంటే అది నేరం కాదు. ఆ స్కాన్ కాపీనే మళ్లీ మళ్లీ ‘ఒరిజినల్’ అని అమ్ముతున్నట్టు ఆధారం దొరికితే అప్పుడు ఆలోచిద్దాం. డబ్బు రాబట్టుకోవడానికి బెదిరింపుగా పోలీసుల దగ్గరికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

పార్సిల్ కవరు, బిల్లు, చెల్లింపు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు జాగ్రత్త. బ్రోషర్లను లామినేట్ చేయించడం, ఫ్రేమ్ కట్టించడం, పిన్నులు మార్చడం ఏదీ వద్దు. యజమానిలా ప్రవర్తిస్తే అంగీకరించినట్టే అవుతుంది.

చివరగా ఒకటి. 4.2 బ్రోషర్ అసలుదే కాబట్టి తక్కువ ధరకైనా ఉంచుకుందామని మీకు అనిపించవచ్చు, సేకరించేవారికి అది సహజం. అప్పుడు బిల్లు చూడండి. రెండింటికీ విడివిడిగా ధర వేసి ఉంటే, ఒకటి తిరస్కరించి రెండోదానికి ధర తేడా అడగండి. రెండూ కలిపి ఒకే మొత్తానికి ఇచ్చి ఉంటే, వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 13 ప్రకారం ఒకటి ఉంచుకోవడం వల్ల మొదటిదాన్ని తిరస్కరించే హక్కుకే ముప్పు. అలాంటప్పుడు రెండూ తిరస్కరిస్తున్నట్టే నోటీసు ఇచ్చి, రెండోదాన్ని కొత్త ధరకు కొనే సంగతి ఆయనతో విడిగా, రాతపూర్వకంగా మాట్లాడుకోండి.