జపనీస్‌లో ‘వస్తున్నాను’ అని ఎప్పుడు అనాలి?

ప్రశ్న: బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తూ, డిసెంబరులో జరిగే జేఎల్‌పీటీ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష) ఎన్5, అంటే తొలి స్థాయి పరీక్షకు చదువుతున్నాను. పై అంతస్తులో కూర్చునే జపాన్ సహోద్యోగి ఫోన్ చేసి రమ్మంటే, ఇప్పుడే వస్తున్నానని చెప్పబోయి ‘ఇమ కిమస్’ అన్నాను. ‘ఇమ ఇకిమస్’ అనాలని ఆయన సరిదిద్దారు. ‘కురు’ (మర్యాద రూపం ‘కిమస్’) అంటే రావడం, ‘ఇకు’ (మర్యాద రూపం ‘ఇకిమస్’) అంటే వెళ్లడం కదా! రమ్మన్నవారితో వెళ్తున్నానని ఎలా అంటాం? ‘ఉండటం’ అనే అర్థంలో వాడే ‘అరు’, ‘ఇరు’ల తేడా కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మీరు నేర్చుకున్న అర్థాలు సరైనవే. అయితే తెలుగులో మనం ఎదుటివారు ఉన్న చోటికి బయలుదేరినా ‘వస్తాను’ అంటాం. చుట్టాలకు ఫోన్ చేసి ‘రేపు మీ ఇంటికి వెళ్తాను’ అంటే వినేవారు తెల్లబోతారు. ప్రామాణిక జపనీస్‌లో ప్రధానంగా చూసేది మాట్లాడేవారు ఉన్న చోటు. మీరు మీ సీటు వదిలి ఆయన దగ్గరికి కదులుతున్నారు కనుక ‘ఇకిమస్’ అనాలి. అందులో అమర్యాద ఏమాత్రం లేదు. జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవి మాండలికాలలో మనలాగే వినేవారి వైపు వెళ్లడానికీ ‘కురు’ వాడతారన్నది ముచ్చటైన విషయమే అయినా, పరీక్షకు మాత్రం ప్రామాణిక రూపమే అలవాటు చేసుకోండి.

ఈ తేడా బాగా తెలిసేది ‘మళ్లీ వస్తాను’ అనేటప్పుడు. ఆ సహోద్యోగి ఇంట్లో భోంచేసి, ఇంకా ఆ గుమ్మంలోనే నిలబడి చెబితే ‘మత కిమస్’; మీ ఇంటికి చేరుకున్నాక అదే మాట ఫోన్‌లో చెబితే ‘మత ఇకిమస్’. ‘నాతో సినిమాకు వస్తారా?’ అని అడగాలన్నా, ఇద్దరూ ఉన్న చోటు విడిచి వెళ్లేదే కనుక, ‘ఇష్షో ని ఏగ ని ఇకిమసెన్ క’ అంటారు.

తెలుగు మనకు అడ్డుపడుతుందని మాత్రం అనుకోకండి. జపాన్‌లో ఇల్లు కదిలేటప్పుడు చెప్పే ‘ఇత్తె కిమస్’ అచ్చంగా మన ‘వెళ్లొస్తాను’. ‘కత్తె కిమస్’ మన ‘కొనుక్కొస్తాను’. రెండు క్రియలను ఇలా జోడించే పద్ధతి తెలుగువారికి పుట్టుకతో వచ్చినదే కాబట్టి, ధైర్యంగా వాడండి.

ఇక ‘అరు’, ‘ఇరు’ల సంగతి సులువు. మన ‘ఉంది’ అమ్మకూ, ఆవుకూ, బల్లకూ చెల్లుతుంది. జపనీస్‌లో అమ్మకూ ఆవుకూ ‘ఇరు’, బల్లకు ‘అరు’. చెట్టుకు ప్రాణం ఉన్నా, తనంతట తాను కదలదు కనుక, దానికీ ‘అరు’ అనే వాడాలి.