టీవీ చదివితే సరిపోదు, పిల్లలు చదవాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు టీవీలు, ట్యాబ్‌లు, యాప్‌లతో పిల్లలకి చదవడం ఎలా నేర్పాలి అనే దాని మీదే ఉన్నాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా ప్రైమరీ స్కూల్‌కి స్మార్ట్ టీవీ వచ్చింది మేడమ్. నేను 2, 3 తరగతులు కలిపి చెప్తాను. రోజూ ఒక కథ వీడియో వేస్తున్నా, పిల్లలు కిమ్మనకుండా చూస్తారు, కథ అడిగితే టకటకా చెప్పేస్తారు కూడా. అదే కథ కాగితం మీద ఇస్తే మాత్రం సగం మందికి నోరు పెగలట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?
– ఒక టీచర్, పల్నాడు జిల్లా

జవాబు: మీ పిల్లలు కథ వింటున్నారు టీచర్ గారూ, చదవట్లేదు. తెర మీద బొమ్మ కదులుతూ, వెనక ఎవరో కథ చెప్పేస్తూ ఉంటే ఇంక పిల్లల చూపు అక్షరం మీదకి ఎందుకు పోతుంది చెప్పండి. వినడం వల్ల మాటలు పెరుగుతాయి, కథ ఎలా నడుస్తుందో తెలుస్తుంది, దాన్ని మానెయ్యమని నేను అనను, కానీ అది చదవడం కిందకి రాదు. క్లాసులో ఏ పరికరం కనిపించినా నేను అడిగేది ఒకటే, ఇప్పుడు ఈ గదిలో చదువుతున్నది ఎవరు, మెషినా, పిల్లలా?

అలాగని టీవీ పనికిరాదని కాదు. ఐఐఎం అహ్మదాబాద్‌లో బ్రిజ్ కొఠారి గారు 1996లో ఒక ఆలోచన మొదలుపెట్టారు, టీవీలో వచ్చే పాటకి అదే భాషలో కింద అక్షరాలు వేసి, పాడుతున్న మాట దగ్గరికి రాగానే ఆ మాట రంగు మారేట్టు చెయ్యడం. 1999లో గుజరాత్‌లో దూరదర్శన్ పాటల ప్రోగ్రాంకి వేశారు, తర్వాత హిందీ పాటల ప్రోగ్రాం రంగోలికీ వచ్చింది. పాట ఎలాగూ నోటికి వచ్చే ఉంటుంది కాబట్టి కన్ను తనంతట తనే అక్షరం వెంట పోతుంది. ఇదే పద్ధతిలో చేసిన బుక్‌బాక్స్ కథల వీడియోలు తెలుగులో కూడా దొరుకుతాయి, యూట్యూబ్‌లో చూడండి.

వేసేటప్పుడు మొదటిసారి సౌండ్‌తో వెయ్యండి. రెండోసారి సౌండ్ బాగా తగ్గించి పిల్లల్ని గొంతు కలపమనండి. మూడోసారి పూర్తిగా మ్యూట్ చేసేసి వాళ్లనే చదవనివ్వండి, ఆగిపోయిన చోట పాజ్ కొట్టి ఆ మాట కింద వేలు పెట్టి ఊరుకోండి, మీరు అందించకండి, కాసేపు తడుముకోనివ్వండి. అయితే మూడుసార్లు చూశాక కథ బట్టీ వచ్చేస్తుంది, అక్షరం చూడకుండానే గడగడా అప్పజెప్పేసే గట్టి పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు, అందుకని మధ్యలోంచి ఏదో ఒక వాక్యం దగ్గర ఆపి అది చదవమనండి, లేదా అవే మాటలు వరస మార్చి బోర్డు మీద రాయండి, ఎవరు చదువుతున్నారో ఎవరు అప్పజెప్తున్నారో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, వెనక బెంచీలో కూర్చుని ఒకసారి మీరే తెర చూడండి. మన లిపిలో ద, ధ, థ మధ్య తేడా చిన్న గీత, చిన్న చుక్క, అంతే. వత్తులేమో అక్షరం కింద ఇంకా చిన్నగా ఉంటాయి. ఫాంట్ చిన్నదైతే వెనక కూర్చున్న పిల్లకి 'కన్ను' 'కను'లా కనిపిస్తుంది, పాపం ఆ పిల్లకి రాదని మనం రాసేసుకుంటాం. తెర మీద రెండు మూడు లైన్లు చాలు, అక్షరం పెద్దగా, లైన్‌కి లైన్‌కి మధ్య వత్తు పట్టేంత ఖాళీ ఉండాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు లెవెల్స్‌లో ఉచితంగా ఉన్నాయి, 1వ లెవెల్ కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి కాబట్టి టీవీకి సరిగ్గా సరిపోతాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసి పిల్లల చేతికి ఇచ్చుకోవచ్చు కూడా. టీవీలో చదివింది అదే రోజు కాగితం మీద కూడా చదవాలి, ఇది మాత్రం వదలకండి.

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి. గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ యాప్ వేసిస్తే వాడంతట వాడే చదువుకుంటాడని ఫ్రెండ్ చెప్పాడు. నిజంగా పనిచేస్తుందా అండీ?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ యాప్ 2019లో బోలో అనే పేరుతో హిందీ, ఇంగ్లీషులతో మొదలైంది, 2020లో రీడ్ అలాంగ్ అని పేరు మార్చారు, తెలుగు కూడా ఉంది. దాంట్లో నాకు నచ్చింది ఏంటంటే చదవాల్సింది పిల్లాడే. వాడు పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, తప్పు పోతే ఆ మాట చూపిస్తుంది, రాకపోతే మాట మీద నొక్కితే పలికి వినిపిస్తుంది. కథలు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.

కానీ 'వాడంతట వాడే' అన్నారే, అక్కడ నాకు అభ్యంతరం. పిల్లలు తెలివైనవాళ్లు అండీ, ప్రతి మాటా నొక్కి వినేసి తిరిగి అనేస్తే కథ అయిపోతుంది, స్టార్లు వచ్చేస్తాయి, చదవడం మాత్రం జరగదు. ఇంకోటి, ఇంట్లో టీవీ మోగుతున్నా, బాబు ముద్దుముద్దుగా పలికినా, సరిగ్గా చదివింది కూడా మెషిన్‌కి తప్పుగా వినిపించొచ్చు. అప్పుడు పక్కన మీరుండి 'కరెక్టే నాన్నా, నువ్వు బాగానే చదివావు, దానికే వినపడలేదు' అనాలి, లేకపోతే పిల్లాడు తనకి రాదు అనుకుని ఫోన్ పక్కన పడేస్తాడు. రోజూ పది పదిహేను నిమిషాలు, మీరు పక్కన కూర్చుని, అది చాలు. అయ్యాక కథలో ఏమైందో మీకు చెప్పమనండి, అర్థం అయిందో లేదో ఆ యాప్ కన్నా మీకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊరి పూర్వ విద్యార్థులు స్కూల్‌కి ట్యాబ్‌లు కొనిస్తామంటున్నారు. తీసుకోమంటారా, వేరే ఏమైనా అడగమంటారా?
– ఒక హెడ్ మాస్టర్, నల్గొండ జిల్లా

జవాబు: తీసుకునే ముందు రెండు అనుభవాలు చెప్తాను మాస్టారూ. పెరూ దేశంలో పల్లెటూరి బడుల పిల్లలకి ల్యాప్‌టాప్‌లు పంచారు, 319 స్కూళ్లలో పరిశీలించి 2012లో ఫలితాలు బయటపెడితే భాషలో గానీ లెక్కల్లో గానీ మార్కులు పెరగలేదని తేలింది. కంప్యూటర్ వాడటం మాత్రం వచ్చింది. ఢిల్లీలో మాత్రం మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్కూల్ అయ్యాక సెంటర్లు పెట్టి నాలుగున్నర నెలలు చెప్పించినప్పుడు పిల్లలు హిందీలోనూ లెక్కల్లోనూ బాగా ముందుకెళ్లారు. అక్కడ ఏడో తరగతి పిల్లాడు నిజానికి మూడో తరగతి స్థాయిలో ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ వాడికి మూడో తరగతి నుంచే మొదలుపెట్టింది. పైగా రోజూ గంటన్నరలో సగం టైమే కంప్యూటర్, మిగతా సగం చిన్న గుంపుగా కూర్చోబెట్టి మనిషి చెప్పారు. పెరూలో వస్తువు ఇచ్చి ఊరుకున్నారు, అదీ తేడా.

కాబట్టి ముందు మీ పిల్లలు ఎక్కడున్నారో చూడండి. దానికి ట్యాబ్ అక్కర్లేదు, పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేవాళ్లు వాడే ఒక్క కాగితం చాలు, దాని మీద అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ ఉంటాయి, ఒక్కో పిల్లని విడిగా పిలిచి చదివించి ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో రాసుకోవాలి. 2024 అసర్‌లో దేశం మొత్తం మీద పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి వాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే, కాబట్టి మీ లెక్క చూసి కంగారుపడకండి, దాచకండి కూడా. మెట్లు తెలిశాక, ఏ గుంపుకి ఏం కావాలో దాన్ని బట్టి కొన్ని ట్యాబ్‌లు తీసుకోండి, మిగతా డబ్బుతో ఒక మంచి ప్రింటర్, దాని ఇంకు, కథల పుస్తకాలు అడగండి. ట్యాబ్‌లు బీరువాలో పెట్టి తాళం వేసే పనైతే అసలు వద్దు. ఛార్జింగ్ ఎవరు పెడతారు, పాడైతే ఎవరు బాగు చేయిస్తారు అన్నది కూడా దాతల్నే మొహమాటం లేకుండా అడిగెయ్యండి.

ప్రశ్న: మా పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు, బడికి వస్తే అన్నీ తెలుగులో. నా దగ్గర ఉన్నది నా ఫోన్ ఒక్కటే. ఏం చెయ్యగలను?
– ఒక టీచర్, ములుగు జిల్లా

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా దగ్గరైన ఉత్తరం ఇది. రాని భాష, రాని లిపి, రెండూ ఒకేసారి మీద పడితే ఆరేళ్ల పిల్ల ఏం చేస్తుంది తల్లీ, నోరు మూసుకుని కూర్చుంటుంది, మనమేమో మందకొడి అంటాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, సవర, కువి లాంటి భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తయారుచేసి మొదలుపెట్టారు, కాబట్టి దారి కొత్తదేం కాదు. మీ స్టోర్‌రూమ్‌లోనో పాత టీచర్ల దగ్గరో ఆ పుస్తకాలు మిగిలున్నాయేమో అడగండి.

మీ ఫోన్‌లో రికార్డర్ ఉంది కదా, దాంతోనే మొదలుపెట్టండి. ఊళ్లో ఎవరైనా అవ్వని కూర్చోబెట్టి చిన్న కథ కోయలో చెప్పించి రికార్డు చెయ్యండి. క్లాసులో వినిపించండి, పిల్లలు నవ్వుతారు, మాట్లాడతారు, అప్పుడు వాక్యం వాక్యం ఆపుతూ, వాళ్లు ఎలా అన్నారో అలాగే తెలుగు అక్షరాల్లో చార్టు మీద రాయండి, కోయ మీకు సరిగ్గా రాకపోతే పెద్ద తరగతి పిల్లనో, ఊళ్లో చదువుకున్న కుర్రాణ్ణో సాయం పిలవండి. ఆ చార్టు వాళ్ల మొదటి పుస్తకం. మాట ముందే తెలుసు, కథ తెలుసు, ఇంక పట్టుకోవాల్సింది అక్షరమే. అది నిలబడ్డాక అదే కథ తెలుగులో చెప్పుకుని పక్కన ఇంకో చార్టు.

తెలుగు కుదిరిన పిల్లలతో ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి చూడండి. పిల్ల 'నిన్న మా మేక తప్పిపోయింది' అంటే ఆ మాటలు తెర మీద పడతాయి, ఆ పిల్ల మొహం చూడాలి అప్పుడు! ఒక్కోసారి తప్పులు పడతాయి, మేక బదులు ఇంకేదో వస్తుంది, అప్పుడు మీరు దిద్దకండి, 'నువ్వన్నది ఇదేనా' అని అడగండి, తప్పు పట్టుకోవాలంటే చదవాల్సిందే కదా. ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాయించి, చదివించి, అది రికార్డు చేసి వాట్సాప్‌లో వాళ్లింట్లోవాళ్లకి పంపండి. ఫోన్ లేని ఇంటి పిల్లలకి బడి అయ్యాక గేటు దగ్గర వాళ్లమ్మ ఎదురుగానే చదివించండి.

ప్రశ్న: ఆఫీసు నుంచి నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నారో లెక్క అడుగుతున్నారు. స్టాప్‌వాచ్ పెడితే పిల్లలు బెదిరిపోతున్నారు.
– ఒక టీచరమ్మ, విజయనగరం జిల్లా

జవాబు: చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు అన్నారు, నిజమే. కానీ మన భాషలో 'చెప్పాలనుకుంటున్నాడు' ఒక్క మాటే, హిందీలో అదే నాలుగైదు మాటలవుతుంది. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో సర్వే చేసినప్పుడు ఏ భాషకి ఆ భాష ప్రమాణం విడిగా పెట్టారు. మీరు పిల్ల ఎదురుగా స్టాప్‌వాచ్ పట్టుకోకండి, చదివేది ఫోన్‌లో రికార్డు చేసుకోండి, తర్వాత తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. ఆ రికార్డింగ్ దాచుకుని నెల తర్వాతది పక్కన పెట్టి ఆ పిల్లకే రెండూ వినిపించండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పాప తెలుగు మాట్లాడుతుంది, చదవదు. పాటల లిరిక్స్ ఇంగ్లీష్ అక్షరాల్లో చూసి పాడేస్తోంది.
– ఒక అమ్మ

జవాబు: ఆ ఇంగ్లీష్ అక్షరాల లిరిక్స్ ఆపెయ్యండమ్మా, అవి కనిపిస్తున్నంతకాలం తెలుగు అక్షరం అవసరం పాపకి రాదు. నోటికి వచ్చిన పాటలనే తెలుగు అక్షరాల్లో పెద్దగా ప్రింట్ తీసి ఇవ్వండి. తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి అక్కడ నడుస్తోంది, దగ్గర్లో క్లాసు ఉంటే చేర్చండి. ఇంకా, ఇక్కడున్న అమ్మమ్మకి వీడియో కాల్ చేసినప్పుడు స్టోరీవీవర్ కథ స్క్రీన్ షేర్ చేసి ఒక పేజీ అమ్మమ్మ, ఒక పేజీ పాప చదువుకోమనండి. అమ్మమ్మకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, పాప ఆగిపోతే వెంటనే అందించెయ్యకుండా మనసులో అయిదు లెక్కపెట్టుకుని అప్పుడు సాయం చెయ్యమని.